మూల మడిచిన పేజీ

పట్టపుపాళెం,
సోమవారం.

చిరంజీవి రేవతికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నాన్న, అవ్వ, నేను ఒంటికి ఏ లోటూ లేకుండా ఉన్నాం. పడవ కూడా గట్టు మీద క్షేమంగానే ఉంది. నువ్వు అక్కడ వేళకు తిని, వేళకు పడుకుంటూ బాగున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. పోస్టుమాన్ క్రీస్తురాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాంకు కాగితం కాదవ్వా, నిజం ఉత్తరమే!" అని అవ్వ చేతిలో పెట్టిపోయాడు. నువ్వు పుట్టాక నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ అంతస్తు పిల్లల ఫోన్లన్నీ వార్డెన్ మేడమ్ తీసి బీరువాలో పెట్టిందనీ, ఆదివారం ఇచ్చినా పక్కనే నిలబడి వింటుందనీ రాశావు. సరే, నేనూ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఒకందుకు ఇదే నయం. నేను చెప్పాల్సిన మాట ఫోనులో అయితే నా గొంతు దాటి వచ్చేది కాదు.

అవ్వ మోకాలు ఎలా ఉందని అడిగావు. ఎప్పటిలాగే వాన వస్తే నొప్పి, పక్కింట్లో గొడవ వస్తే మాయం. ఆస్పత్రికి పోదామంటే "నా కాలు, నా ఇష్టం" అంటుంది. నాన్నకు వారం రోజులుగా వేట లేదు. వాయుగుండం, పడవలు దించవద్దు అన్నారు. ఇంట్లో కూర్చుని గంటకోసారి టీ అడుగుతూ, నేను ఊడ్చిన చోటే వల పరుస్తూ నా ప్రాణం తీస్తున్నాడు. ఎండు రొయ్యల పొడి అయిపోయిందన్నావు కదా, కొట్టి ఉంచాను. కారం తగ్గించాను.

ఇక నీ నేస్తం వాణి గురించి నీ ఆఖరి ప్రశ్న. దాన్ని ఎన్నిసార్లు చదివానో, నీ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "అమ్మా, మా గది వెతికించింది వాణే. అంతకుముందు అది వార్డెన్ రూములోంచి వస్తుంటే అందరూ చూశారు. ఎందుకెళ్ళావంటే ఊరికే పిలిచారంటుంది, ముఖం తిప్పుకుంటుంది. వంటింటి వెనక తలుపులోంచి మేం బయటికి పోతున్నామని చెప్పిందట. అది అబద్ధమని తేలింది కానీ నా అలమరలో దాచిన కరెంటు కెటిల్ దొరికింది. నన్ను కింద గదికి మార్చారు, సెమిస్టర్ అయ్యేదాకా బయటికి పోకూడదన్నారు. వాణితో ఇప్పుడు అంతస్తులో ఎవ్వరం మాట్లాడడం లేదు. మెస్సులో ఒక్కతే కూర్చుని తింటోంది. నెలాఖరుకు టీసీ తీసుకుని వాళ్ళ ఊరు సంగం పోతుందట. పోనీ అనుకుంటున్నాను. నేను చేసింది తప్పా అమ్మా?"

దీనికి జవాబు రాయకుండా పెన్ను కింద పెట్టను. కానీ అక్కడికి చేరాలంటే ముందు నీ నవల సంగతి చెప్పాలి. నువ్వూ అడిగావు కదా, పెట్టెలో పెట్టిన నవల వానకు తడిసిందా అని.

తడిసింది. దసరా సెలవులకు వచ్చి నువ్వు వెళ్ళిన వారానికే పెద్ద వాన పడి, నీ పెట్టె పెట్టిన మూల రేకుల సందులోంచి కారింది. బట్టలన్నీ తీసి దండెం మీద వేశాను. అడుగున ఈ పుస్తకం. "మూడో అంతస్తు అమ్మాయిలు". అట్ట ఉబ్బింది గానీ లోపల అక్షరం చెడలేదు. పేజీలు అతుక్కుపోతాయని పొయ్యి పక్కన కూర్చుని ఒక్కొక్కటే విప్పి ఆరబెట్టాను. చదవాలని కాదు. చదవాలని కాదు అంటే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను.

మొదటి పేజీలోనే ఆ చారుమతి ఉప్పుకొఠార్ల ఊరి నుంచి పెట్టె పట్టుకుని హాస్టలుకు వస్తుంది చూడు. వాళ్ళమ్మ బట్టల మధ్యన ఎండుచేపలు పెట్టి పంపింది. పెట్టె తెరవగానే గదిలో పిల్లలంతా ముక్కు మూసుకుని వరండాలోకి పరుగు. ఒక్క రూప మాత్రం కదలకుండా, "కొంచెం వేయించి పెడతావా?" అంటుంది. అక్కడ నాకు నవ్వు ఆగలేదు. అవ్వ లోపలి నుంచి, "ఏందిమే, ఒక్కదానివే నవ్వతా ఉండావు? బాగుండావా?" అని కేకేసింది. మెస్సు ఉప్మాతో గోడకు పోస్టరు అంటించే చోట కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ రోజు పులుసు మాడిపోయింది. నాన్నకు రేకుల కింద నీళ్ళు ఎత్తిపోస్తుంటే మాడిందని చెప్పాను.

పదో తరగతి పాసయ్యి, ఇంటర్‌లో చేరతానని కావలి పోయి అప్లికేషన్ కూడా తెచ్చుకున్నదాన్ని నేను. చేరకముందే మీ నాన్న ఇంటికి వచ్చాను. కాలేజీ అంటే ఏమిటో నాకు నీ ఫోన్లలోనే తెలుసు, అవీ "తిన్నాను, పడుకుంటాను" అంతే. ఈ పుస్తకంలో మొత్తం ఉంది. పరీక్ష ముందురోజు ఒకే పుస్తకం ముగ్గురు చదువుకోవడం, ఒకరి చున్నీ ఒకరు వేసుకుపోవడం, కొళాయి దగ్గర పోట్లాట, సాయంత్రానికి మళ్ళీ ఒకే ప్లేటులో తినడం. నలభై దాటిన మనిషిని, కూతురి పుస్తకం దొంగతనంగా చదువుతూ, ఆ పిల్లల్లో ఒకదాన్నయినట్టు మురిసిపోయాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. ఇంకా సిగ్గుపడాల్సింది ముందు ఉంది.

రొయ్యల షెడ్డులో ఈ సంగతి నోరు జారాను. గుంటల నుంచి వచ్చిన రొయ్యలు కుప్ప పోసి ఉన్నాయి, తలలు గిల్లుతూ ఊసుపోక ఎండుచేపల పెట్టె కథ చెప్పాను. వెంకటశేషమ్మ పట్టుకుంది. "నోటితో ఎందుకుమే, రేపు పుస్తకమే పట్టుకురా" అంది. నేను చదివితే నా రొయ్యలెవరు ఒలుస్తారన్నాను. అప్పుడు వాళ్ళే కట్టుబాటు చేశారు. పడవలో వల వేయని మనిషికి కూడా ఇంజను చూసుకున్నందుకు పట్టిన చేపల్లో ఒక పాలు వంతుగా ఇస్తారు కదా, అలాగే చదివేదానికీ పాలు. ఒక్కొక్కరు ఒలిచినదాంట్లోంచి నా బేసిన్లో ఒక దోసెడు వేయాలి. నవ్వొచ్చిన చోట రెండు దోసెళ్ళు. కొత్తగా పెళ్ళయి వచ్చిన దుర్గ అయితే, "అక్కా, ఆ రూప అన్న మాట మళ్ళీ చదువు" అని ఇంకో దోసెడు వేసేది. రేవతీ, ఆ నాలుగైదు రోజులు మా షెడ్డు ఒక హాస్టలే అయిపోయింది.

ఆ తర్వాత మూల మడిచిన పేజీ వచ్చింది.

పుస్తకం మొత్తంలో నువ్వు మడిచింది ఆ ఒక్క పేజీనే. అందులో రూప చారుమతితో అంటుంది, శనివారం పొద్దున్నే కూరగాయల బండి వచ్చేటప్పుడు వంటింటి వెనక తలుపు తీసి ఉంటుంది, దాంట్లోంచి జారుకుని మార్నింగ్ షో చూసి వద్దామని. చారుమతి మొదట భయపడుతుంది, తర్వాత సరేనంటుంది. నేను పైకి చదువుతున్నదాన్ని ఆగిపోయాను. మడత కనబడుతోంది. చారుమతి సముద్రం పక్క పిల్ల, నువ్వూ అంతే. రూప గలగలా నవ్వే పిల్ల, వాణీ అంతే. ఈ చోటునే ఎందుకు మడిచింది అనుకున్నాను. ఆ పేజీ దాటేసి, "అప్పుడు పిల్లలిద్దరికీ జ్వరం వచ్చి పడుకున్నారు" అని నోటికొచ్చింది చెప్పాను. "ఇద్దరికీ ఒకేసారా?" అని వెంకటశేషమ్మ నా ముఖం వైపే చూసింది. ఆ పూట నా బేసిన్లో ఎవరూ ఏమీ వేయలేదు.

ఇంటికి వచ్చేటప్పటికి నాకు అంతా ఖాయమైపోయింది. నువ్వు తలుపు దాటి పోతున్నావు, తీసుకుపోయేది వాణి, ఎప్పుడో ఏదో జరుగుతుంది. మన సంగతి నీకు తెలుసు. పడవ రావాల్సిన వేళకు రాకపోతే మన పాళెంలో ఎవరూ ఆగి ఆలోచించరు. నిజమా కాదా అని చూసుకోరు. ఆడవాళ్ళు ముందు రేవుకొచ్చి కేక వేస్తారు, తర్వాతే మిగతా అంతా. పోయినేడు నాన్న పడవ ఆలస్యమైతే నేనే కేక వేశాను. నాలుగు పడవలు బయలుదేరాయి. ఆయనేమో ఇంజను పైపు ఊడిందని నవ్వుకుంటూ ఎదురొచ్చాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అనకూడదు, అది మన కట్టు. అనుమానం వస్తే ఆగకూడదన్నదే నాకు తెలిసిన బుద్ధి. ఆ బుద్ధే నన్ను ఫోను దగ్గరికి తీసుకుపోయింది.

అవును రేవతీ. మీ వార్డెన్‌కు ఫోన్ చేసింది నేను. వాణి కాదు.

ఏమన్నానో దాచకుండా రాస్తాను. "మేడమ్, వంటింటి వెనక తలుపు చూసుకోండి, మా పిల్ల దాంట్లోంచి బయటికి పోతోందేమో" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మా పిల్ల అమాయకురాలు, ఆ వాణే ఆడిస్తుంది, ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచండి" అన్నాను. దసరాకు నీతో వచ్చి మన ఇంట్లో మూడు రోజులు ఉన్న పిల్ల. పెన్నా ఏటి చేపలు తప్ప తినని పిల్ల అని అవ్వ ఏడిపిస్తే, సముద్రపు వంజరం ముక్క ముల్లు గుచ్చుకోకుండా తిని చూపించిన పిల్ల. వచ్చినప్పుడు నన్ను ఆంటీ అంది, పోయేటప్పుడు అత్తా అంది. నేను ఆ పిల్ల తలకు నూనె రాసి జడ వేశాను. ఆ చేత్తోనే ఫోను పట్టుకుని ఆ మాట అన్నాను. చివర, "నేను చేశానని మా పిల్లకు తెలియనివ్వకండి మేడమ్, నా పేరు బయటపెట్టకండి" అని బతిమాలాను కూడా.

ఫోను పెట్టేసి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం మళ్ళీ తెరిచాను. ఇంకో రెండు పేజీలు తిప్పానంతే. నువ్వు ఉత్తరంలో, "మడిచిన చోటే ఆపేశాను అమ్మా, బస్సు టైమైపోయింది, ఎవరైనా చదివితే తర్వాత ఏమైందో చెప్పమను" అని రాశావు కదా. ఏమీ కాలేదు తల్లీ. ఇద్దరూ శనివారం పొద్దున వంటింట్లోకి పిల్లుల్లా దిగుతారు. వంటమ్మ చూసి, సాయం చేయడానికి వచ్చారనుకుని, "మంచి పిల్లలు" అని చెరో గోరుచిక్కుళ్ళ బుట్ట ముందు పెడుతుంది. కాదని చెప్పలేక రెండు బుట్టలూ ఒలిచి, సినిమా వేళ దాటిపోయాక చేతులు కడుక్కుని పైకి పోతారు. మర్నాడు షెడ్డులో అది చదివితే ఆడవాళ్ళు రొయ్యలు వదిలేసి నవ్వారు. నా బేసిన్ నిండిపోయింది. నేను ఆ బేసిన్ వైపు చూడలేకపోయాను.

అప్పుడే మళ్ళీ ఫోన్ చేసి, పొరపాటు పడ్డాను మేడమ్ అని చెప్పాల్సింది. ఏ ముఖంతో చెప్పను అనుకున్నాను. కథ చదివి కూతురి మీద చాడీ చెప్పిందంటారు అనుకున్నాను. ఏముందిలే, ఒక్కసారి తలుపు చూసి ఊరుకుంటారు అని నన్ను నేనే సమాధానపరచుకున్నాను. పుస్తకం అయిపోయింది, రొయ్యలు అయిపోయాయి. తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

అవ్వకు నేనే చదివి వినిపిస్తున్నాను. "మెస్సులో ఒక్కతే కూర్చుని తింటోంది" దగ్గర ఆగి, కాగితం మడిచేశాను. అవ్వ నా వైపు చూసి, "ఏం చేసినావు?" అంది. ఎలా తెలిసిందో నాకు తెలియదు. అంతా చెప్పాను. కేక వేయడం మన కట్టే కదా అత్తా అన్నాను, సిగ్గు లేకుండా. అప్పుడు అవ్వ అంది, "కేకేస్తే తప్పు లేదుమే. కానీ మన రేవులో కేకేసినోళ్ళు ఎవురో అందురికీ కనపడతారు. నువ్వు కేకేసి దాంకున్నావు. నీ బదులు ఆ పిల్లను నిలబెట్టినావు." అంతే అంది. అటు తిరిగి పడుకుంది. నాన్నకు కూడా చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. వల పక్కన పెట్టి, "ఆ పిల్ల మన ఇంట్లో అన్నం తినింది కదా విజయా" అన్నాడు. కోప్పడి ఉంటేనే బాగుండేది.

ఈ రోజు పొద్దున వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు రాయబోయేది నింపాదిగా చదువు. నా పేరు పిల్లలందరికీ చెప్పండి మేడమ్, వాణి ఏ పాపం ఎరుగదు అన్నాను. ఆమె అంది: "ఆ రోజే వాణిని పిలిచి అడిగానమ్మా. నాకు అబద్ధం చెప్పకు, రేవతి వాళ్ళ అమ్మగారే ఫోన్ చేసి నీ పేరు చెప్పారు అన్నాను. మేం ఎక్కడికీ పోలేదు మేడమ్ అంది. బయటికి పోబోతూ వెనక్కి వచ్చి, వాళ్ళమ్మ చేసిందని మాత్రం రేవతికి చెప్పకండి మేడమ్, తను తట్టుకోలేదు అంది."

వాణికి మొదటి రోజు నుంచీ తెలుసు రేవతీ. నేను తన మీదే చెప్పానని కూడా తెలుసు. మీరంతా ముఖం తిప్పుకుంటున్నా, ఒక్క మాట అంటే అంతా తేలిపోతుందని తెలిసీ, ఆ ఒక్క మాట అనలేదు. నీకూ నాకూ మధ్య చెడకూడదని. కన్నతల్లిని నేను, నా పేరు దాచమని బతిమాలుకున్నాను. ఆ పిల్ల ఎవరూ అడగకుండానే నా పేరు దాచింది. పుస్తకంలో పిల్లల స్నేహం చదివి అంత మురిసిపోయినదాన్ని, నా కూతురికి నిజంగా దొరికిన స్నేహాన్ని నా చేత్తో విరిచాను.

నేను చేసింది తప్పా అమ్మా అని అడిగావు. తప్పే. అడగకుండా, వినకుండా ఒక పిల్లను వెలివేశారు. కానీ మీకు ఆ తప్పు చేసే దారి వేసింది నేను. నా మీద నీకు ఎంత కోపమైనా రానీ, ఎన్ని రోజులైనా ఉండనీ, నాకు అభ్యంతరం లేదు. ఆ కోపం ముందు పెట్టుకుని కూర్చోకు మాత్రం. ఈ ఉత్తరం మడవకుండా చేత్తో పట్టుకుని తిన్నగా వాణి దగ్గరికి పో. ఏమీ మాట్లాడలేకపోతే ఇది చదవమని ఇవ్వు. టీసీ అప్లికేషన్ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోమని కాళ్ళయినా పట్టుకో.

ఆదివారం మొదటి బస్సుకు నేను వస్తున్నాను. మీ మెస్సులో పిల్లలంతా భోజనానికి కూర్చున్నప్పుడు నిలబడి చెబుతాను. వార్డెన్ మేడమ్, "ఎందుకమ్మా, అదే సద్దుమణుగుతుంది" అంది. సద్దుమణిగేది మీకేమో మేడమ్, ఆ పిల్లకు కాదు అన్నాను. సరేనంది. నీకు నలుగురిలో తలవంపులుగా ఉంటే నన్ను ఎరగనట్టు వేరే బల్ల దగ్గర కూర్చో, నేనేమీ అనుకోను. నేను తినేది వాణి పక్కన. ఆ పిల్ల లేచి వెళ్ళిపోతే ఆ ఖాళీ కుర్చీ పక్కనే కూర్చుని తింటాను.

ఇట్లు,
వార్డెన్‌కు ఫోన్ చేసి, పేరు చెప్పవద్దని బతిమాలుకున్న
నీ అమ్మ
విజయకుమారి